చేబదులు తెచ్చిన అంకె

టెక్సస్‌లో లవింగ్ అనే కౌంటీ ఉంది. 2020 జనాభా లెక్కల్లో అక్కడ తేలింది 64 మంది. మన అపార్ట్‌మెంట్లలో వినాయకుడి పందిరి కింద ఇంతకంటే ఎక్కువమందే కూర్చుంటారు. అయినా అమెరికా సెన్సస్ బ్యూరో ఏటా ఈ కౌంటీకీ ఒక మధ్యగత గృహ ఆదాయం ప్రకటిస్తుంది, కోటి జనమున్న లాస్ ఏంజెలెస్ కౌంటీకి ప్రకటించినట్టే.

ఇళ్లన్నిటినీ ఆదాయం వరసలో నిలబెడితే సరిగ్గా నడిమింటి ఆదాయమే మధ్యగతం. లవింగ్‌ది చమురు నేల. బావులున్న ఆసామి ఒక్కడు వచ్చి దిగితే సగటు ఆకాశానికి ఎగురుతుంది. మధ్యగతం మహా అయితే పక్కింటి వైపు జరుగుతుంది. అన్నట్టు, ఈ లెక్కలో ఇల్లంటే ఒకే తలుపు వెనక కాపురమున్న అందరూ. డాలస్‌లో ఫ్లాట్ పంచుకునే నలుగురు మన కుర్రాళ్లు ఒకరికొకరు ఏమీ కాకపోయినా వాళ్ల జీతాలన్నీ ఒకే పద్దు.

మరి ఈ అంకె ఎలా పుడుతుంది? 2000 దాకా పదేళ్లకోసారి, జనగణనతో పాటు, ఆరిళ్లకు ఒకటి చొప్పున పొడవాటి ఫారం ఇచ్చి ఆదాయం అడిగేవారు. 2005 నుంచి ఆ పని అమెరికన్ కమ్యూనిటీ సర్వే నెలనెలా చేస్తోంది. ఏడాదికి సుమారు 35 లక్షల చిరునామాలను ఎంచుకుంటారు. వినడానికి పెద్ద సంఖ్యే. కానీ మూడు వేల పైచిలుకు కౌంటీలకు పంచితే చిన్న చోట్ల గుప్పెడు ఇళ్లు కూడా మిగలవు. అందుకే 65,000 జనాభా దాటిన కౌంటీలకే ఏడాది అంకె ఇస్తారు. మిగతావాటికి, అంటే నాలుగింట మూడొంతుల కౌంటీలకు, ఐదేళ్ల జవాబులు కలిపి ఒక అంకె. అలాంటి మొదటి అంకె 2005–09ది. 2008 ఆర్థిక పతనానికి ముందరి మంచి రోజులూ, తర్వాతి గడ్డు రోజులూ అందులో ఒకే చారులో మరిగాయి.

ఆదాయపు పన్ను రిటర్నులు ఉన్నాయిగా అంటారా? ఉన్నాయి. కానీ రిటర్ను వేసేది మనిషో దంపతులో, ఇల్లు కాదు. తక్కువ రాబడి వాళ్లలో చాలామంది అసలు వెయ్యరు. ఆ అంకె నమ్మదగ్గదే, కాకపోతే కాస్త వేరే వస్తువును కొలుస్తుంది.

ఈ రెండు సగం నిజాలనూ కలిపే ఉపాయం 1979లో రాబర్ట్ ఫే, రోజర్ హెరియట్ రాసిన పరిశోధనా పత్రంలో ఉంది. సర్వే చాలని చోటు చేబదులుకు వెళ్లాలి. పన్ను లెక్కలు, పాత జనగణన వంటివాటికీ మధ్యగత ఆదాయానికీ కౌంటీలన్నిటిలో కనిపించే సంబంధం పట్టుకుని, ఈ కౌంటీకి ఎంత ఉండాలో ఊహిస్తారు. ఊహనూ సర్వేనూ వాటి వాటి నమ్మకాన్ని బట్టి తూకం వేస్తారు. మాటవరసకు ఒక కౌంటీలో సర్వే 48,000 డాలర్లు అంది, 6,000 అటూ ఇటూ. ఊహ 56,000 అంది, 3,000 అటూ ఇటూ. పొరపాటు రెండింతలైతే మాట విలువ నాలుగో వంతుకు పడుతుంది. కనుక సర్వేకు ఐదింట ఒక వంతు, ఊహకు నాలుగు వంతులు. వచ్చేది 54,400. దీని పొరపాటు సుమారు 2,700, అంటే విడివిడిగా రెండిటికన్నా తక్కువ. నాకు ఈ లెక్కలో నచ్చేది ఇదే. ఏటా ప్రతి కౌంటీకీ అంకె ఇచ్చే సెన్సస్ బ్యూరో కార్యక్రమంలో లెక్కంతా డాలర్లకు బదులు వాటి లాగరిథమ్‌లతో నడుస్తుంది, తూకం మాత్రం ఇదే. జనం ఎక్కువగా ఉన్న కౌంటీలో ముల్లు సర్వే వైపు మొగ్గుతుంది, లవింగ్ లాంటి చోట దాదాపు అంతా చేబదులే.

ఏళ్ల వెంబడి పోల్చడం మొదలుపెడితే తలనొప్పులు వేరు. 2015–19, 2016–20 అంకెల్లో నాలుగేళ్లు ఉమ్మడి. వాటి తేడాను ఒక ఏడాది ఎదుగుదల అనుకుంటే తప్పే. కౌంటీలు కూడా నిలకడగా ఉండవు. కొలరాడోలో బ్రూమ్‌ఫీల్డ్ 2001లో నాలుగు కౌంటీల ముక్కలతో పుట్టింది. కనెక్టికట్‌కైతే 2022 నుంచి ఎనిమిది కౌంటీల స్థానంలో తొమ్మిది ప్రణాళికా ప్రాంతాల లెక్కే.

మన తెలుగువాళ్లు చాలామంది ఇళ్లు కొనుక్కున్న వర్జీనియా లౌడన్ కౌంటీ చూడండి. 1999లో మధ్యగతం 80 వేల డాలర్ల పైచిలుకు. 2018–22కు 1.7 లక్షలు. రెట్టింపు దాటిందని మురిసేలోపు ధరల పెరుగుదలను తీసెయ్యాలి. ఆ మధ్య ధరలు దాదాపు 1.75 రెట్లయ్యాయి, కాబట్టి అసలు పెరుగుదల ఇరవై శాతం చుట్టుపక్కలే. అందులోనూ 2000లో 1.7 లక్షలున్న జనాభా 2020కి 4.2 లక్షలైంది. వరసలో సగానికి పైగా కొత్తవాళ్లు. అప్పటి నడిమింటివాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారో, అసలు ఆ కౌంటీలోనే ఉన్నారో లేదో ఈ అంకెలో దొరకదు. సర్వే ఏటా కొత్త తలుపులు తడుతుంది, ఒకే ఇంటిని ఏళ్ల తరబడి వెంబడించదు.