సర్కారు భూమి అమ్మకం: నోటీసు ఎవరికి, పరిశీలన ఎప్పుడు? కొన్ని అపోహలు, వాస్తవాలు

పోయినేడాది ఒక ఊరి నుంచి ఐదుగురు మా ఆఫీసుకి వచ్చారు. చేతిలో పేపర్ కటింగ్. ఊరి పక్కన తరతరాలుగా పశువులు మేసే కంచ భూమి వేలానికి వచ్చింది. వేలానికి ఇంకా నాలుగు రోజులే ఉంది. "మేడమ్, నోటీసు ఇప్పుడే కదా వచ్చింది, అభ్యంతరం రాసిపెట్టండి" అన్నారు. తర్వాత ఆర్టీఐలో ఫైలు తీసి చూస్తే, అభ్యంతరాలు అడిగిన నోటీసు ఏడాదిన్నర కిందటిది. కింద ఒకే వాక్యం: "గడువులోగా అభ్యంతరాలేవీ అందలేదు."

భూమి, పర్యావరణం కేసుల్లో పదహారేళ్లుగా పనిచేస్తున్నాను. ఈ ఒక్క వాక్యం వల్ల పోయినన్ని చెరువులు, బంచరాయిలు (ఊరుమ్మడి మేత భూములు) ఇంకే కారణం వల్లా పోవడం చూడలేదు. అందుకే జనం మాటల్లో నాకు తరచూ వినిపించే అపోహల గురించి రాస్తున్నాను. ఇది మన రెండు తెలుగు రాష్ట్రాలకు సంబంధించినది.

అపోహ: పేపర్లో వేలం ప్రకటన వచ్చిందంటే పబ్లిక్ నోటీసు ఇచ్చినట్టే.

వేలం ప్రకటన కొనేవాళ్ల కోసం. ఎకరా కనీస ధర ఎంత, ధరావతు ఎంత, ఏ వెబ్‌సైట్‌లో బిడ్ వేయాలి అన్నవే అందులో ఉంటాయి. ఈ భూమి అమ్మొచ్చా, వద్దా అని అది ఊరిని అడగదు.

ఊరిని అడిగే నోటీసు వేరు. సర్కారు భూమి సాధారణంగా నేరుగా వేలానికి రాదు. ముందు రెవెన్యూ శాఖ దాన్ని పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థకో, పట్టణాభివృద్ధి సంస్థకో బదలాయిస్తుంది. ఆ సంస్థ లేఅవుట్ వేసి వేలం పెడుతుంది. మొదటి మెట్టు దగ్గరే తహసీల్దార్ కార్యాలయం నుంచి ఏ-1 నోటీసు వస్తుంది. ఫలానా సర్వే నంబర్‌లో ఇన్ని ఎకరాలు ఫలానా అవసరానికి ఇవ్వబోతున్నాం, ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఈ తేదీలోగా చెప్పండి అని. అది పంచాయతీ ఆఫీసు గోడ మీద అతికిస్తారు, దండోరా వేయిస్తారు. కనీసం ఫైల్లో అలా రాస్తారు. మనం చూడాల్సింది ఆ కాగితం. పేపర్ ప్రకటన వచ్చేనాటికి ఆ భూమి గురించి అసలు నిర్ణయం ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

అపోహ: అమ్మే ముందు పర్యావరణ పరిశీలన తప్పనిసరి.

ఈ మాట చదువుకున్నవాళ్ల నోటి నుంచే ఎక్కువ వింటాను. అలా ఉంటే బాగుండేదని నేనూ అనుకుంటాను. కానీ మన చట్టంలో అలా లేదు.

2006 సెప్టెంబర్ 14న వచ్చిన పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్, అంటే ఈఐఏ నోటిఫికేషన్, ప్రాజెక్టులకు వర్తిస్తుంది, అమ్మకానికి కాదు. నిర్మాణం గానీ, నేల సిద్ధం చేసే పని గానీ మొదలుపెట్టక ముందే అనుమతి తీసుకోవాలని అందులో ఉంది. ఆ వాక్యంలోనే ఒక మినహాయింపు ఉంది: భూమిని సమకూర్చుకుని భద్రపరచుకునే పనికి అనుమతి అక్కర్లేదు. అంటే కొనొచ్చు, కంచె వేసుకోవచ్చు. బుల్డోజర్ దింపడం మాత్రం కుదరదు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, చాలా కేసులు దీని మీదే నడుస్తాయి.

అమెరికాలో ఉన్న బంధువులు "మా దగ్గర అలా కాదే" అంటుంటారు. నిజమే. అక్కడ 1970 నుంచి అమల్లో ఉన్న జాతీయ పర్యావరణ విధాన చట్టం కింద, ఫెడరల్ భూమిని అమ్మడం కూడా ప్రభుత్వ సంస్థ తీసుకునే చర్యే. కాబట్టి పరిశీలన అమ్మకానికి ముందే మొదలవుతుంది. అక్కడి భూ నిర్వహణ సంస్థ అమ్మకానికి కనీసం 60 రోజుల ముందు నోటీసు ప్రచురించాలి. మన దగ్గర ముందు అమ్మకం, ఆ తర్వాత పరిశీలన. భూమికి కోట్లు కట్టేసిన కొనుగోలుదారు ఎదురుగా కూర్చున్నాక, అక్కడ కట్టడం తగదని చెప్పడం ఏ కమిటీకైనా ఎంత కష్టమో ఆలోచించండి. మన పద్ధతిలో నాకు కనిపించే అతిపెద్ద లోపం ఇదే.

ఇంకో చిక్కు కొలతల్లో ఉంది. 20,000 చదరపు మీటర్లు, అంటే సుమారు 2.15 లక్షల చదరపు అడుగులు దాటిన భవనానికి అనుమతి కావాలి. 50 హెక్టార్లు, అంటే దాదాపు 123 ఎకరాలు దాటిన టౌన్‌షిప్‌కైతే ఈఐఏ నివేదిక కూడా కావాలి. నూట యాభై ఎకరాల కంచని ఐదేసి, పదేసి ఎకరాల ముక్కలుగా అమ్మితే? ఒక్కో బిల్డర్ తన ముక్కకి విడిగా దరఖాస్తు పెడతాడు. మొత్తం కంచ మీద పడిన వాన ఏ వాగులోకి పోయేది, ఆ వాగు ఏ చెరువుని నింపేది అన్న ప్రశ్న ఒక్క దరఖాస్తులోనూ కనిపించదు. ప్లాట్ల మధ్య ఉన్న వాగు ఎవరి లెక్కలోకీ రాదు.

అపోహ: ఎలాగూ ప్రజాభిప్రాయ సేకరణ ఉంటుంది, అప్పుడు మాట్లాడదాం.

గనికో, సిమెంట్ ఫ్యాక్టరీకో అయితే ఉంటుంది. కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. దాన్ని ఒక జాతీయ పత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో వేయాలి. సభకు కలెక్టర్ గానీ, ఆయన తరఫున అదనపు కలెక్టర్ స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. మొత్తం వీడియో తీయాలి. ఇవన్నీ నోటిఫికేషన్‌లో ఉన్నాయి. ఇంతమంది వస్తేనే సభ చెల్లుతుందన్న కోరం నిబంధన మాత్రం లేదు. పదిమందే వచ్చినా సభ జరిగినట్టే.

కానీ భవనాలు, టౌన్‌షిప్‌లకు ఇదే నోటిఫికేషన్ ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఇచ్చింది. నగరాల చుట్టూ వేలం వేసే సర్కారు భూముల్లో వచ్చేవి ఎక్కువగా అవే. మీరు ఎదురుచూస్తున్న సభ అసలు జరగదు. ఏ-1 నోటీసుకి అంత ప్రాధాన్యం ఎందుకిస్తున్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

2013 భూసేకరణ చట్టంలోని సామాజిక ప్రభావ అంచనా గురించి కూడా అడుగుతుంటారు. అది ప్రైవేటు భూమిని ప్రభుత్వం సేకరించేటప్పటి మాట. ప్రభుత్వం తన భూమి తాను అమ్ముకునేటప్పుడు అది రాదు.

అపోహ: సర్కారు భూమి సర్కారు ఇష్టం.

ఇది పూర్తిగా తప్పు. ఈ విషయంలో మన ప్రాంతం నుంచి వెళ్లిన కేసులే దేశానికి దారి చూపించాయి.

తిరుపతి దగ్గర అవిలాల, పేరూరు చెరువుల భూముల్ని 1990లలో హౌసింగ్ బోర్డుకి, టీటీడీకి బదలాయించారు. స్థానికులు ఒక ఫోరంగా ఏర్పడి కోర్టుకి వెళ్లారు. 2006లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: చెరువుల్లాంటి సహజ వనరులకు ప్రభుత్వం ధర్మకర్త మాత్రమే, వాటిని కాపాడే బాధ్యత దానిదే. కమల్‌నాథ్ కేసులో అంతకు ముందే చెప్పిన సూత్రాన్ని మన చెరువులకు వర్తింపజేసింది. అయితే ఇందులో బాధపడాల్సిన సంగతీ ఉంది. తీర్పు వచ్చేసరికి పదేళ్లు దాటిపోయాయి. అప్పటికే కట్టినవి చాలావరకు అలాగే నిలిచిపోయాయి. ఇకముందు నిర్మాణాల మీద ఆంక్షలు, వాన నీరు ఇంకించే ఏర్పాట్లు, ఇవే దక్కాయి. అదే వాదన బదలాయింపు రోజునే వినిపించి ఉంటే ఇంకా ఎంత మిగిలేదో అనిపిస్తుంది.

ఏజెన్సీ ప్రాంతాల్లో లెక్క ఇంకా గట్టిది. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు, 1970 నాటి భూ బదలాయింపు నిబంధనలు ప్రభుత్వానికీ వర్తిస్తాయని తేల్చింది. అక్కడి సర్కారు భూమిని గిరిజనేతరులకు ఇవ్వడానికి వీల్లేదు.

అపోహ: రెవెన్యూ రికార్డులో అడవి అని లేకపోతే అది అడవి కాదు.

1996 డిసెంబర్ 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు, యజమాని ఎవరైనా సరే, నిఘంటువు అర్థంలో అడవి అయినది అడవేనని చెప్పింది. 2023లో అటవీ సంరక్షణ చట్టాన్ని సవరించాక కూడా, ఆ అర్థాన్నే పాటించాలని 2024 ఫిబ్రవరిలో మధ్యంతర ఆదేశం ఇచ్చింది.

హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలిలో జరిగింది అందరం చూశాం. సర్వే నంబర్ 25లో 400 ఎకరాలు. భూమి ఎవరిదన్న తగువు కోర్టుల్లో ఏళ్ల తరబడి నడిచి 2024లో ప్రభుత్వానికి అనుకూలంగా తేలింది. 2025 మార్చి చివర్లో యంత్రాలు దిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కేసు తీసుకుని చెట్ల నరికివేత ఆపించింది. పర్యావరణ అనుమతి తీసుకున్నారా, చెట్లు కొట్టడానికి అనుమతి ఉందా అని అడిగింది. భూమి ఎవరిదన్నది ఒక ప్రశ్న, దాని మీద ఏం చేయొచ్చన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు దొరికితే రెండోది కూడా తేలిపోయిందని అనుకోవడమే అక్కడ జరిగిన పొరపాటు. చెట్ల విషయానికి మనకి 2002 నాటి వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం, ఎలాగూ ఉంది.

అపోహ: అభ్యంతరం రాసినా బుట్టదాఖలే.

"మా ఊరి భూమి అమ్మొద్దు" అని వంద సంతకాలతో ఇస్తే చాలాసార్లు అంతే అవుతుంది. అధికారి దాని మీద రాయడానికి ఏమీ ఉండదు. పనికొచ్చే అభ్యంతరం వేరేలా ఉంటుంది.

సర్వే నంబర్, సబ్ డివిజన్ ముందు రాయండి. ఊరి భూముల లెక్క రాసే పాత పహాణీలోనో, అడంగల్‌లోనో ఆ నంబర్‌కి ఏమని ఉందో నకలు తీసి జతచేయండి. శిఖం (చెరువు లోపలి భూమి) అనా, వాగు పోరంబోకు అనా, గైరాన్ (మేత భూమి) అనా? ఆ ఒక్క పదం చాలా పనిచేస్తుంది. కుంట ఉంటే ఎఫ్‌టీఎల్ హద్దు, అంటే నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు, వేశారా అని అడగండి. హైదరాబాద్ చుట్టుపక్కల అమల్లో ఉన్న నిర్మాణ నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, ఆ పైన ఉన్న చెరువుకి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు బఫర్, అంటే ఏమీ కట్టని ఖాళీ స్థలం, వదలాలి. వానాకాలంలో తేదీతో తీసిన ఫోటో పెట్టండి. వేసవి ఫోటో పెడితే అది బీడులాగే కనిపిస్తుంది. ఈ తప్పు నేను చాలాసార్లు చూశాను. మేత, నీళ్లు, శ్మశానం దారి, ఊరు దేనికి వాడుకుంటోందో ఒక్కో వాక్యంలో చెప్పండి. ఇచ్చిన కాగితం నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోవడం మర్చిపోకండి.

అలా ఇస్తే "అభ్యంతరాలేవీ అందలేదు" అని ఎవరూ రాయలేరు. అందింది, ఫలానా కారణంతో తోసిపుచ్చాం అని రాయాలి. ఆ కారణాన్నే రేపు కోర్టు పరీక్షిస్తుంది.

అపోహ: కోర్టుకి ఎప్పుడైనా వెళ్లొచ్చు.

జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో పర్యావరణ వివాదం వేయడానికి సమస్య మొదలైన రోజు నుంచి 6 నెలలు. తగిన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు. పర్యావరణ అనుమతి మీద అప్పీలుకైతే 30 రోజులే, కారణం చూపిస్తే మరో 60. మన రాష్ట్రాల కేసులు వినే దక్షిణాది బెంచ్ చెన్నైలో ఉంది. ఆర్టీఐ జవాబుకే 30 రోజులు పడుతుంది. కాబట్టి క్యాలెండర్ దగ్గర పెట్టుకుని లెక్కేసుకోండి.

ఆ ఐదుగురి ఊళ్లో వేలం ఆగలేదు. లోపల ఉన్న కుంటకి మాత్రం హద్దురాళ్లు వేయించగలిగాం. దాని పక్క సర్వే నంబర్‌కి ఈ నెలలో ఏ-1 నోటీసు వచ్చింది. అది గోడ మీద పడిన రెండో రోజే వాళ్ల దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. పహాణీ నకలుకి అప్పటికే దరఖాస్తు పెట్టేశారు.