చందా ఇచ్చినవాళ్లకు ఏమిద్దాం? ఓపెన్ సోర్స్ క్రౌడ్‌ఫండింగ్‌పై అపోహలు - వాస్తవాలు

"అన్నా, డబ్బులిచ్చినోళ్లకు మనం ఏమియ్యాలె?" ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు, అంటే కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్‌కు, చందాలు అడగాలనుకునే వరంగల్, హనుమకొండ పిల్లలు నన్ను మొదట అడిగేది ఇదే. ఇలాంటి ప్రచారాలు నడిపించడం నా పని.

అపోహ: ఉచితంగా దొరికేదానికి ఎవరూ డబ్బివ్వరు.

వాస్తవం: ఇస్తారు. 2002లో త్రీడీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌ను తయారుచేసిన కంపెనీ మూతపడ్డాక, ఆ సాఫ్ట్‌వేర్ కోడ్‌ను విడిపించడానికి జనం ఏడు వారాల్లో లక్ష యూరోలు పోగుచేశారు. అది అందరిదీ అవుతుందని తెలిసే ఇచ్చారు.

అపోహ: టీషర్టో కప్పో పంపకపోతే చిన్నచూపు చూస్తారు.

వాస్తవం: ఎక్కువ ప్రాజెక్టులు ఇబ్బంది పడేది ఇక్కడే. ఐదు వందల చందాకు టీషర్టు ఇస్తే ప్రింటింగ్, కొరియర్ పోగా మిగిలేది తక్కువ. సైజులు కనుక్కోవాలి, మారిన అడ్రసులు సరిచూడాలి, తిరిగొచ్చిన పార్సిళ్లు మళ్లీ పంపాలి. కోడ్ రాయాల్సిన సాయంత్రాలన్నీ ఈ టెన్షన్‌తోనే గడిచిపోతాయి. వస్తువే ఇవ్వాలనుకుంటే పెద్ద చందాలకే, కొన్నే పెట్టండి. మన కొత్తవాడ దర్రీ, చేర్యాల నకాషీ బొమ్మ ఎంత బాగుంటాయో! వరంగల్ దర్రీలకు 2018లో జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. కానీ అవి చేతిపనులు. నేతన్నతో, నకాషీ కళాకారుడితో ధర, గడువు మాట్లాడుకున్నాకే ప్రకటించండి. బేరమాడి వాళ్ల కూలి తగ్గించకండి.

అపోహ: పేరు వేయడం పెద్ద రివార్డేమీ కాదు.

వాస్తవం: గుళ్లో ఫ్యాను రెక్క మీద కూడా దాత పేరు రాసుకునే ఊళ్లు మనవి. 2006లో వచ్చిన 'ఎలిఫెంట్స్ డ్రీమ్' బ్లెండర్‌తో తీసిన చిన్న సినిమా. ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. అయినా డీవీడీకి ముందుగా డబ్బు కట్టినవాళ్ల పేర్లు చివర్లో వేశారు. మన దగ్గర అమ్మానాన్నల పేరు వేయమని అడిగేవాళ్లుంటారు, సంతోషంగా వేయండి. పేరు వద్దన్నవాళ్లను వదిలేయండి.

అపోహ: ఎక్కువ ఇచ్చినవాళ్లకే కొన్ని ఫీచర్లు ఉంచొచ్చు.

వాస్తవం: మీ సాఫ్ట్‌వేర్‌కు జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ అయితే, కోడ్ అందుకున్నవాళ్లు దాన్ని ఇంకొకరికి ఇవ్వొచ్చు. దాచిపెట్టే వీల్లేదు. దానికి బదులు మాట చెప్పే హక్కు ఇవ్వండి. 2015లో కిక్‌స్టార్టర్ అనే చందాల సైట్‌లో నడిపిన ప్రచారంలో, బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ క్రిత బృందం, అదనంగా ఏ ఫీచర్లు చేయాలో చందాదారులనే ఓటు వేయమంది. అయితే ఓటుకు పెట్టే జాబితా మీరే తయారుచేయండి, చేయగలిగినవే అందులో రాయండి.

ఇక నెలనెలా ఒక ఉత్తరం. ఏం పూర్తయింది, ఏది ఆగింది, డబ్బు ఎక్కడ ఖర్చయింది అన్నీ రాయండి. పని ఆలస్యమైన నెలలో తప్పకుండా రాయండి.