ఆకలేసిన పిట్ట ఎందుకు తెగిస్తుంది?

చిరంజీవులు అమ్ములుకి, చిన్నాకి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో అమ్ములు అడిగింది కదా, "తాతయ్యా, ఆకలేస్తే జంతువులకి భయం పోతుందా?" అని. హడావిడిలో "అవునమ్మా" అనేశాను. అది సరైన జవాబు కాదు. అప్పటినుంచీ మనసులో మెదులుతూనే ఉంది.

మెక్సికోలోనూ, అమెరికాలోని అరిజోనా కొండల్లోనూ పసుపు కళ్ల జుంకో అనే పిట్ట ఉంటుంది. మన పిచ్చుకంతే, బరువు 20 గ్రాములు ఉంటుందేమో. 1980లో థామస్ కారకో అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఈ పిట్టలకి గింజలు రెండు చోట్ల పెట్టి చూశారు. ఒకచోట ఎప్పుడు వెళ్లినా ఒకే లెక్క, మూడు గింజలనుకోండి. రెండోచోట ఒక్కోసారి ఆరు, ఒక్కోసారి సున్నా. సగటు రెండుచోట్లా సమానమే. కాస్త తిని ఉన్న పిట్టలు ఖాయంగా దొరికే చోటికి వెళ్లాయి. చాలాసేపు పస్తున్నవి మాత్రం ఆరో సున్నానో అన్న చోటికి వెళ్లాయి! తర్వాత చలిలో పెట్టి చూసినా అంతే. 19 డిగ్రీల దగ్గర ఖాయమైనదాన్ని కోరిన పిట్టలే 1 డిగ్రీ దగ్గర తెగించాయి.

ఎందుకో చూడండి. అంత చిన్న ఒంట్లో కొవ్వు ఎంతని దాగుతుంది? రాత్రంతా ఒళ్లు వెచ్చగా ఉండాలంటే ఆ కొవ్వే కరగాలి. తెల్లారేదాకా బతకడానికి ఐదు గింజలు కావాలనుకోండి. మూడు తిన్న పిట్ట ఖాయంగా చచ్చిపోతుంది. ఆరో సున్నానో అన్న చోట సగం ఆశైనా ఉంటుంది. అదే రెండు గింజలతో రాత్రి గడిచేదైతే, సున్నా జోలికి పోవడం ఎందుకు?

కాబట్టి అమ్ములూ, భయం పోలేదు. అవసరం మారింది. పిట్ట కూర్చుని కూడికలు చేయదులే. అలా ఎంచుకున్న పూర్వీకులే ఎక్కువగా బతికి పిల్లల్ని కన్నాయి, ఆ అలవాటు వీటికి వచ్చింది. అన్ని జంతువుల్లోనూ ఇంత స్పష్టంగా తేలలేదని కూడా చెప్పాలి.

నన్ను ఇంకా ఆశ్చర్యపరిచింది బఠానీ మొక్క. 2016లో వచ్చిన ఒక పరిశోధనలో దాని వేళ్లని రెండు కుండీల్లోకి చీల్చి పెంచారు. ఒకదాంట్లో పోషకాలు నిలకడగా, రెండోదాంట్లో హెచ్చుతగ్గులుగా. సారం చాలనప్పుడు వేళ్లు హెచ్చుతగ్గుల కుండీలోనే ఎక్కువ పెరిగాయి. మెదడే లేదు దానికి!

వసారాలో వరికంకుల కుచ్చు కట్టాను. సంక్రాంతికి వచ్చినప్పుడు కాసేపు కదలకుండా కూర్చోండి. తెల్లారగానే పిచ్చుకలు మనకి ఎంత దగ్గరగా వస్తాయో, మధ్యాహ్నం ఎంత దగ్గరగా వస్తాయో ఒక నోట్‌బుక్‌లో రాద్దాం.

మీ తాతయ్య