సబ్బు చేస్తేనే దొరికే విటమిన్

తిరుపతిలో మా వీధి చివరి కిరాణా కొట్టు మెట్ల మీద నూనె ప్యాకెట్ల అట్టపెట్టె ఒకటి పొద్దున తొమ్మిదింటికే ఎండలో ఉంటుంది. ప్యాకెట్ల మీద నీలిరంగు ‘ప్లస్ ఎఫ్’ గుర్తు ఉంటుంది. విటమిన్ ఎ, డి కలిపిన నూనె అని దాని అర్థం. గ్రాముకు విటమిన్ ఎ 6 నుంచి 9.9 మైక్రోగ్రాములు ఉండాలన్నది ప్రమాణం. అంటే కిలో నూనె మొత్తం గాలించినా పది మిల్లీగ్రాములు నిండవు. డి అయితే అందులో దాదాపు అరవయ్యో వంతు.

అంత కొద్ది విటమిన్‌ను కొలవాలంటే ముందు నూనెను సబ్బు చేయాలి. నూనె సబ్బవుతుంది, విటమిన్ అవదు. కిటుకంతా అక్కడే ఉంది.

నూనెలో కాస్టిక్ పొటాష్ అనే క్షారం, ఆల్కహాలు పోసి కాస్తారు. చల్లారాక నీళ్లు, నీళ్లలో కలవని హెక్సేన్ అనే ద్రావకం చేర్చి, అడుగున కుళాయి ఉన్న గాజు గరాటులో కలుపుతారు. మజ్జిగ చిలికినట్టు ఊపితే నురగ కట్టి ఎంతకీ విడవదు. నెమ్మదిగా వంచి లేపాలి. తేరుకున్నాక అడుగున సబ్బునీళ్లు, పైన తేటగా హెక్సేన్. విటమిన్ ఆ పై పొరలో ఉంటుంది. దాన్ని క్రొమటోగ్రఫీ యంత్రంలోకి పంపితే ఒక్కో పదార్థం ఒక్కో సమయానికి బయటికి వస్తుంది. విటమిన్ ఎ 325 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని ఎంత మింగిందో చూసి లెక్క కడతారు.

ఈ ఉపాయం పాతదే. వెన్నలోని కొవ్వు తిన్న ఎలుకలు ఎదుగుతున్నాయని, ఆలివ్ నూనె తిన్నవి ఆగిపోతున్నాయని 1913లో అమెరికాలో మెకాలమ్, డేవిస్ అనే శాస్త్రవేత్తలు గమనించారు. మరుసటి ఏడాది వెన్నకొవ్వును సబ్బు చేసి, సబ్బు కాకుండా మిగిలినదాన్ని ఆలివ్ నూనెలోకి ఎక్కించారు. ఆ నూనెతో ఎలుకలు ఎదిగాయి. అలా ఎక్కింది విటమిన్ ఎ. అప్పట్లో కొలబద్ద ఎలుక బరువే!

వేరుశనగ పండించే చిత్తూరు వైపు మనకు గానుగ నూనె మీద నమ్మకం ఎక్కువ. అందులో సగం నిజం. ఆ నూనెలో విటమిన్ ఇ సహజంగానే ఉంటుంది. ఎ, డి మాత్రం గానుగలో ఆడించినా రావు. ఇ కొలవడం కాస్త సులువు. నూనెను హెక్సేన్‌లో కరిగించి నేరుగా యంత్రంలోకి పంపవచ్చు, తగిన కాంతి పడితే అది తానే వెలుగు చిమ్ముతుంది.

విటమిన్ ఎ వెలుతురుకు, గాలికి ఓర్వదు. అందుకే ప్రయోగశాలలో ముదురు గోధుమరంగు గాజుసామాను వాడతారు, దీపాలు తగ్గిస్తారు. అంత జాగ్రత్తగా కొలిచేదాన్ని మెట్ల మీద ఎండబెడుతుంటే నాకు మనసొప్పలేదు. కొట్టు యజమానికి చెప్పాను. “ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు సార్” అంటూ పెట్టెను బియ్యం బస్తాల వెనక్కి లాగారు. ఇంట్లో గాజు సీసాలో పోసుకోవచ్చా అని అడిగారు. మూత బిగిసే స్టీలు డబ్బాలో, పొయ్యికి దూరంగా పెట్టుకోమన్నాను.