కారులో తడి ఎక్కడిది?

కావలి,
కార్తీక మాసం.

చిరంజీవులైన మనవడికీ మనవరాలికీ తాతయ్య దీవించి వ్రాయునది.

దసరా సెలవులకు వచ్చినప్పుడు మన కారు వెనుక సీటులో కూర్చుని మీరిద్దరూ ముక్కులు మూసుకున్నారు. ముక్కిపోయిన బియ్యం వాసన వస్తున్నదని మనవరాలు అంటే, మ్యాటు కింద కాలు పెడితే చల్లగా తగులుతున్నదని మనవడు అన్నాడు. ఆనాడు నేను జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు జవాబు దొరికింది కనుక, అది దొరికిన తీరు కూడా మీకు తెలియాలని ఈ ఉత్తరం వ్రాస్తున్నాను.

ఈ కారులో నీళ్లు చేరడం ఇది మొదటిసారి కాదు. మొన్న వైశాఖంలో, చుక్క వాన లేని రోజుల్లో, ముందు ఎడమ సీటు కాళ్ల దగ్గర తడి కనిపించింది. చల్లటి నీళ్ల చెంబును బల్ల మీద పెడితే దాని చుట్టూ చెమట పట్టినట్లుగా నీటి బొట్లు చేరడం మీరు చూసే ఉంటారు. ఏసీలో జరిగేది కూడా అదే. డ్యాష్‌బోర్డులో ఎడమవైపు, కాగితాలు పెట్టుకునే అర వెనుక, చల్లబడే గొట్టాల పెట్టె ఒకటి ఉంటుంది. సముద్రం పక్కనున్న మన ఊళ్ల గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఆ గొట్టాల మీద నీరు ధారాళంగా చేరి, ఒక చిన్న రబ్బరు గొట్టం గుండా కారు కిందికి పోతుంది. ఏసీ వేసిన కారు కింద నీళ్లు కారుతుంటే కంగారు పడేవారిని చూశాను గాని, నిజానికి కంగారు పడవలసింది అవి కారనప్పుడే. మన కారులో ఆ గొట్టానికి దుమ్మూ నాచూ అడ్డం పడినందువల్ల పెట్టె నిండి, నీళ్లు లోపలికి పొర్లాయి. కారు కిందికి దూరి గొట్టం కొసను చేత్తో నలిపి, ఊది, ఆ మడ్డిని బయటికి తీస్తే అరగంటలో పని ముగిసింది. ఇనుప చువ్వ మాత్రం పెట్టి పొడవకూడదు, లోపలి చల్లటి గొట్టానికి చిల్లు పడితే ఖర్చు పెద్దది.

ఆ అనుభవమే ఈసారి నన్ను తప్పుదారి పట్టించింది. దసరా తరువాత తడి చూడగానే మళ్లీ ఆ గొట్టమే పూడి ఉంటుందనుకున్నాను. చూస్తే అది శుభ్రంగా ఉన్నది. పైగా తడి ఈసారి వెనుక ఎడమ కాళ్ల దగ్గర ఉన్నది, ఏసీ వేయని రోజుల్లో కూడా పెరిగింది. రేడియేటరు నీళ్లేమో అన్న అనుమానం వేళ్లతో తాకగానే తీరిపోయింది. రేడియేటరులో పోసే కూలెంటు జిగటగా ఉంటుంది, రంగు ఉంటుంది, తియ్యటి వాసన వేస్తుంది. అది విషం, వాసన బాగున్నదని నోటి దగ్గరికి తీసుకుపోకండి. మన తడి ఉత్త నీరే, అంటే వాన నీరే. మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు తెచ్చే వానలే పెద్ద వానలు కాబట్టి తొందరపడవలసి వచ్చింది.

తొందరలో ఒక షెడ్డుకు తీసుకువెళ్లాను. అక్కడి మెకానిక్ చూసీ చూడగానే ముందు అద్దం చుట్టూ సిలికాన్ పూసి డబ్బు పుచ్చుకున్నాడు. మరునాటి వానకు కారు మళ్లీ తడిసింది. అతన్ని అనడానికేమీ లేదు, నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో చూడకుండా మందు వేయించుకున్నది నేను.

అప్పుడు మొదటినుంచి మొదలుపెట్టాను. కార్పెట్ పైన పొడిగా అనిపించినా దాని కింది మందపాటి ఫోము నీళ్లు పీల్చుకుని ఉంటుంది. అది తడిగా ఉండగా కొత్త నీళ్లు ఎక్కడ దిగుతున్నాయో ఎవరూ చెప్పలేరు. బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పి, సీటు తీసి, సీటు కింది పసుపుపచ్చ తీగలు ఎయిర్‌బ్యాగువి కాబట్టి వాటి జోలికి పోకుండా, కార్పెట్‌ను పైకెత్తి రెండు రోజులు ఎండలోనూ ఫ్యాను కిందా ఆరబెట్టాను. మన ఉప్పుగాలికి ఆ తడి ఇంకొన్నాళ్లు ఉంటే నేల రేకు తుప్పు పట్టేది. రేకు మీద పాత దినపత్రికలు పరిచాను. పొడి కాగితం మీద మొదటి చుక్క పడిన చోటు దాచినా దాగదు.

ఆ తరువాత మీ నానమ్మ టార్చిలైటు పట్టుకుని లోపల కూర్చున్నది, నేను బయట పైపు పట్టుకున్నాను. నీళ్లు కింది భాగం నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి పోవాలి. ముందే పైకప్పు మీద పోస్తే అన్ని సందులూ ఒకేసారి తడిసి ఏది దోషి అన్నది తేలదు. ఒక్కొక్క చోట ఐదేసి నిమిషాలు, వానలాగా మెల్లగా పోశాను. వైపర్ల కింది గాడిలో వేపాకులు దట్టంగా పేరుకుని ఉంటే తీసివేశాను. అక్కడి రంధ్రాలు మూసుకుంటే నీరు పైకి లేచి, గాలి పీల్చే దారి గుండా ముందు సీటు కాళ్ల దగ్గరికి దిగుతుంది. మళ్లీ ఏసీ తడి అనుకుని మోసపోయే చోటే అది. వెనుక ఎడమ తలుపు అద్దం మీదికి పైపు పోనిచ్చిన మూడో నిమిషానికి మీ నానమ్మ "ఆపండి, కాగితం తడిసింది" అని కేక వేసింది. ఇరవై ఏళ్ల డ్రైవింగు అనుభవం నాదైతే, దొంగను పట్టుకున్న పేరు ఆమెదైంది.

తలుపు లోపలికి నీళ్లు రావడం తప్పు కాదని నాకు అప్పటిదాకా తెలియదు. అద్దం కిందికి దిగే సందులోనుంచి వాననీరు ఎప్పుడూ తలుపు పొట్టలోకి పోతూనే ఉంటుంది, అడుగున ఉన్న రంధ్రాల గుండా బయటికి కారిపోతుంది. అది మన వైపు రాకుండా తలుపుకు లోపలివైపు బిగించిన అట్ట వెనుక ఒక ప్లాస్టిక్ కాగితం జిగురుతో అంటించి ఉంటుంది. మొన్న ఉగాదికి మీ బాబాయి వెనుక తలుపులకు కొత్త స్పీకర్లు పెట్టించాడు కదా, పెట్టినవారు ఆ కాగితాన్ని చింపి, మళ్లీ అంటించకుండా వదిలేశారు. అట్ట విప్పి చూస్తే అది కింద వేలాడుతున్నది.

మందపాటి ప్లాస్టిక్ షీటును తలుపు కొలతకు కత్తిరించి, బంకలా అంటుకునే నల్లటి బ్యూటైల్ టేపుతో చుట్టూ అంటించాను. కింది అంచును మాత్రం తలుపు పొట్టలోకే మడిచి దోపాలి, లేకపోతే షీటు మీద జారిన నీరు మళ్లీ మన కాళ్ల దగ్గరికే వస్తుంది. అడుగు రంధ్రాలలోని మట్టిని చీపురు పుల్లతో తీశాను. రెండో తలుపు కూడా విప్పితే అక్కడా ఇదే కథ, దానినీ సరిచేశాను.

నిన్న రాత్రి తెల్లవార్లూ వాన పడింది. దినపత్రికలు ఇంకా కారులోనే ఉన్నాయి, పొద్దున తీసి చూస్తే పెళపెళలాడుతున్నాయి. ఇంకో రెండు పెద్ద వానలు చూసి కార్పెట్ పరుస్తాను. సంక్రాంతికి మిమ్మల్ని తీసుకురావడానికి ఒంగోలుకు ఆ కారులోనే వస్తాను.

ఆశీస్సులతో,
తాతయ్య