పొట్టి డొమైన్ పేర్లలో ఇంగ్లీషు అక్షరం వై అచ్చా, హల్లా? అపోహలు - వాస్తవాలు

హన్మకొండలో షాపులకు, చిన్న కంపెనీలకు వెబ్‌సైట్లు చేసి, డొమైన్ పేర్లు, అంటే సైట్ అడ్రసులు, చూసిపెట్టడం నా పని. పొట్టి పేరు కోసం వచ్చినవాళ్లు తరచూ అడుగుతుంటారు: "అన్నా, ఇందులో వై ఉంది కదా, అచ్చు కింద లెక్కేనా?" అడగాల్సిన మాటే. అమ్మేవాళ్లు ఆ లెక్క చెప్పే రేటు పెంచుతారు.

అపోహ: వై ఎప్పుడూ హల్లే, మన "య" లాగే.

వాస్తవం: "య" హల్లే. ఇంగ్లీషు వై మాత్రం చోటును బట్టి మారుతుంది. "యోగా" మొదట్లో హల్లు, "జిమ్" మధ్యలో, "స్కై" చివర అచ్చు. అంతెందుకు, రెడ్డి, మూర్తి అని ఇంగ్లీషులో రాసేటప్పుడు చివర వై పెట్టి "ఇ" అనే చదువుతాం కదా!

అపోహ: సీవీసీవీ పేరంటే అందరికీ ఒకటే లెక్క.

వాస్తవం: హల్లు, అచ్చు, హల్లు, అచ్చు వరసలో వచ్చే నాలుగక్షరాల పేర్లను ఈ మార్కెట్‌లో సీవీసీవీ అంటారు. ఇంగ్లీషు అక్షరాలతో నాలుగక్షరాల పేర్లు మొత్తం 4,56,976. ఐదు అచ్చులే అనుకుంటే ఈ వరసలో పడేవి 11,025. వైని పూర్తిగా అచ్చుల్లో కలిపేస్తే 14,400. చోటును బట్టి రెండు రకాలుగానూ ఒప్పుకుంటే 15,876.

తేడా ఎక్కడొస్తుందో రెండు పేర్లలో చూడండి. వై హల్లే అని పట్టుబడితే ఎస్, ఓ, ఎన్, వై అని రాసే సోనీ ఈ లిస్టులోంచి పోతుంది. అచ్చే అని పట్టుబడితే వై, ఓ, జీ, ఏ అని రాసే యోగా పోతుంది. రెండూ నోటికి హాయిగా పలికే పేర్లే. అందుకే నేను చోటునే నమ్ముతాను. మొదట్లో ఉంటే హల్లు, చివర హల్లు తర్వాత వస్తే అచ్చు, మధ్యలో ఉంటే పైకి పలికి చూసి తేల్చుకోవాలి. అమ్మే మనిషి సీవీసీవీ అన్నాడంటే వైని ఎటు వేశాడో ముందు అడగండి.

అపోహ: వై ఉంటే విలువ తక్కువ.

వాస్తవం: కొనేవాళ్లను బట్టి ఉంటుంది. 2015లో చైనా కొనుగోళ్లు జోరుగా సాగినప్పుడు ఐదు అచ్చులు, వీ అక్షరం లేని పేర్లకే గిరాకీ. వాళ్లు ఆ అక్షరాలను పిన్‌యిన్ (చైనా భాషను ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతి) మాటల పొడి అక్షరాలుగా చదువుకుంటారు. పిన్‌యిన్‌లో వైతో మొదలయ్యే మాటలు బోలెడు కాబట్టి, మిగిలిన 20 మంచి అక్షరాల్లో వై కూడా ఉంది.

అపోహ: వై ఉంటే రిజిస్ట్రేషన్ ఫీజు మారుతుంది.

వాస్తవం: వై ఉన్నంత మాత్రాన మారదు. పేరును బట్టి సైట్‌ను వెతికిపెట్టే డీఎన్‌ఎస్ వ్యవస్థకు కూడా అచ్చులు, హల్లులు తెలియవు.

అపోహ: అచ్చు అని తేలితే ఇక టెన్షన్ లేదు.

వాస్తవం: అసలు టెన్షన్ ఫోన్‌లో చెప్పేటప్పుడు మొదలవుతుంది. ఎనుమాముల మార్కెట్ దగ్గర విత్తనాల షాపాయన తన సైట్ పేరు ఫోన్‌లో చెబుతుంటే పక్కనే ఉన్నాను. పేరు చివర వై. అవతలి రైతు ఐ కొట్టాడు, సైట్ రాలేదు. "ఐ కాదు బాబాయ్, వై... యాదగిరిలో వై" అని చెప్పాక గానీ తెరుచుకోలేదు. చివర "ఇ" పలికే పేరైతే వైతో ఒకటి, ఐతో ఒకటి రెండూ కొని, ఒకదాన్ని రెండోదానికి మళ్లించండి. ఐతో ఉన్నది ఇప్పటికే వేరేవాళ్ల చేతిలో, అదీ మీ వ్యాపారంలోనే ఉంటే, ఆ పేరు జోలికి వెళ్లకండి.