ప్రభువు బల్ల మీది పాత్ర: ఎవరు తాగాలి, ఏం తాగాలి

తెలుగు ప్రొటెస్టెంటు సంఘాలు చాలావాటిలో సంస్కారమంటే, అంటే యేసు కడపటి భోజనాన్ని తలచుకుని రొట్టె, పాత్ర పంచుకునే ఆరాధనంటే, పళ్లెంలో రొట్టె ముక్కలు, ట్రేలో చిన్న గ్లాసులు, వాటిలో పులియని ద్రాక్షరసం. ఇది అపొస్తలుల నాటి ఆచారమే అనుకునేవారు లేకపోలేదు. ఆ రసానికీ గ్లాసులకూ నూట యాభై ఏళ్లకు అటూఇటూగా మాత్రమే వయసు. పాత్ర గురించిన తగాదాలు మాత్రం చాలా పాతవి.

మొదటి శతాబ్దంలో గ్రీకు నగరం కొరింథులోని సంఘంలో ఈ సంస్కారం కడుపు నింపే భోజనం. కలిగినవాళ్లు ముందే తిని, తాగి మత్తెక్కితే, లేనివాళ్లు పస్తున్నారు. అయోగ్యంగా పాలుపొందవద్దని పౌలు హెచ్చరించింది ఈ సందర్భంలోనే; నేటి ప్రసంగాల్లో ఈ సంగతి ఎందుకో తక్కువగా వినిపిస్తుంది. సుమారు 155లో రోములో జస్టిన్ అనే క్రైస్తవ రచయిత వర్ణించేనాటికి విందు పోయి ప్రార్థన, రొట్టె, నీళ్లు కలిపిన ద్రాక్షారసం (పులిసిన వైన్) మిగిలాయి. రాలేనివాళ్లకు పరిచారకులు ఇంటికి పట్టుకెళ్లేవారు.

రొట్టె, ద్రాక్షారసం క్రీస్తు శరీర రక్తాలుగా మారతాయని 1215లో నాలుగో లాటరన్ మహాసభ ప్రకటించింది. మరి ఆ రక్తం నేల మీద ఒలికితే? ఈ భయానికి, రొట్టెలోనే క్రీస్తు పూర్తిగా ఉన్నాడన్న బోధ తోడై, విశ్వాసులకు పాత్ర క్రమంగా దూరమైంది. 1414లో ప్రాగ్‌లో యాకూబెక్ అనే బోధకుడు దాన్ని మళ్లీ జనానికి అందించాడు. మరుసటి ఏడు జూన్‌లో కాన్‌స్టన్స్ మహాసభ దాన్ని నిషేధించింది. జూలైలో ప్రాగ్ బోధకుడు, సంస్కర్త యాన్ హుస్‌ను సజీవంగా దహనం చేశారు. హుస్ అనుచరులు పాత్రనే తమ గుర్తుగా చేసుకుని పోరాడారు. 1436లో ప్రాగ్ ఉన్న బొహీమియా ప్రాంతానికి పాత్ర అనుమతి దక్కింది.

ఏం తాగాలన్న ప్రశ్న మద్యనిషేధ ఉద్యమంతో బలపడింది. ద్రాక్ష తొక్క మీద ఈస్ట్ ఉంటుంది కనుక, పిండిన రసం వెచ్చని చోట ఒకట్రెండు రోజుల్లోనే పొంగుతుంది. 1869లో న్యూజెర్సీలోని వైన్‌ల్యాండ్‌లో థామస్ వెల్చ్ అనే మెథడిస్టు దంతవైద్యుడు రసాన్ని వడకట్టి, సీసాల్లో బిగించి, మరిగే నీటిలో ఉంచి ఈస్ట్‌ను చంపాడు. ఇళ్లలో రసం తీసేవాళ్లు పొరబడేదీ ఇక్కడే: కాచిన రసాన్ని శుభ్రంగా లేని సీసాలో పోస్తే ఈస్ట్ మళ్లీ చేరుతుంది, మూత బిగించిన సీసా వాయువుకు పగిలిపోవచ్చు. 1890ల్లో సూక్ష్మక్రిముల భయం పెరిగి, అమెరికా సంఘాల్లోకి చిన్న గ్లాసులు వచ్చాయి.

కతోలిక సంఘం గోధుమ రొట్టెనూ, కొద్దిగా నీళ్లు కలిపిన ద్రాక్షారసాన్నీ వదల్లేదు. విశ్వాసులకు పాత్ర ఇచ్చే వీలును రెండో వాటికన్ మహాసభ 1963లో కొన్ని సందర్భాలకు మళ్లీ కల్పించింది. మద్యం పడని గురువు బిషప్ అనుమతితో మస్టమ్ వాడవచ్చు: గడ్డకట్టించడం వంటి పద్ధతితో పులియడం ఆపిన ద్రాక్షరసం అది.